తడి చెత్త, ఎండుటాకులు: మా కాలనీలో తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా కాలనీ వాళ్ళం వంటింటి చెత్తనూ పెరటి చెత్తనూ విడిగా తీయడం మొదలుపెట్టాక, అడిగినవాళ్ళకి అడిగినట్టు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే ఇలా రాసిపెట్టాం. ఇది మునిసిపల్ ఆఫీసు వాళ్ళ కాగితం కాదు, ముందు తప్పులు చేసి తర్వాత దారిలో పడ్డవాళ్ళు రాసింది. అందరూ అడిగేవి పైన ఉన్నాయి. చేపల సంగతి మధ్యలో ఉంది, దాని కోసమే వచ్చినవాళ్ళు నేరుగా అక్కడికి పోవచ్చు.

తడి చెత్త అంటే తడిగా ఉండేదేనా?

కాదు, కుళ్ళేది. ఎండిపోయిన కరివేపాకు తడి చెత్తే. తడిసిన పాల ప్యాకెట్టు మాత్రం పొడి చెత్తే. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే సగం అనుమానాలు తీరిపోతాయి.

కూరగాయల తొక్కలు, చింతపండు పిప్పి, టీ పొడి, కోడిగుడ్డు పెంకులు, పాడైన అన్నం, అరటిపండు తొక్కలు, దేవుడి దగ్గర తీసేసిన పూలు ఇవన్నీ తడి చెత్త. పూలదండలో ప్లాస్టిక్ దారం ఉంటే తెంపి వేయాలి. మాంసం ఎముకలు బండికి ఇవ్వొచ్చు, ఇంట్లో ఎరువు కుండీలో మాత్రం వద్దు. కొబ్బరి చిప్ప కుళ్ళేదే అయినా ఏళ్ళు పడుతుంది, విడిగా పెట్టండి. అందరూ పొరబడేది పేపరు ప్లేట్ల దగ్గర. పైన మెరిసే పొర ఉన్న ప్లేటు పేరుకే కాగితం, దానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది తడి చెత్త కాదు. అరిటాకు, మోదుగాకు విస్తరి అయితే నిశ్చింతగా వేయండి.

డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి, తడి, పొడి బుట్టలు కాక మూడో బుట్టలో. మందులు, బ్యాటరీలు, బ్లేళ్ళు కూడా వంటింటి బక్కెట్లో పడకూడదు.

కవర్లో కట్టి ఇస్తే శుభ్రంగా ఉంటుంది కదా?

మీ చేతికి శుభ్రం. బండి దగ్గర నిలబడి ఆ ముడి విప్పే మనిషి చేతికి కాదు. వంద ఇళ్ళు, వంద ముడులు. విప్పే టైము లేక కవరుతోనే లోపలికి తోసేస్తారు. అక్కడితో మీరు వేరు చేసిందంతా వృథా. లోపల గాలాడక కుళ్ళి నీరు కారుతుంది. తర్వాత ఎరువు జల్లెడ పడితే దాన్నిండా కవరు ముక్కలే.

రైతు ఆ ఎరువు ఎందుకు తీసుకోడో ఇక్కడే తెలుస్తుంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో నగరాల్లో తయారయ్యే కంపోస్టుకి కొలతలున్నాయి. కిలోకి సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. కలగాపులగంగా వచ్చిన చెత్తలో బ్యాటరీ, పెయింటు డబ్బా ఉంటే ఆ హద్దులో నిలబడటం కష్టం. జల్లెడతో ప్లాస్టిక్‌ను తీయగలం గానీ సీసాన్ని తీయలేం.

మరి ఎలా ఇవ్వాలంటారా? బక్కెట్టు అడుగున పాత న్యూస్‌పేపరు పరవండి. పొద్దున నేరుగా బండిలో కుమ్మరించండి. పేపరు కూడా కుళ్ళేదే, దాంతో పాటే పోతుంది. అన్నట్టు 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. కూరగాయల కొట్లో ఇంకా ఇస్తూనే ఉన్నారనుకోండి, అది వేరే కథ.

మేం వేరు చేసి ఇచ్చినా బండివాళ్ళు అన్నీ కలిపేస్తున్నారు. ఇంకెందుకీ తిప్పలు?

ఎక్కువమంది కోపంగా అడిగేది ఇదే. మాకూ ఆ కోపం ఉండేది. తిట్టడం అయ్యాక ఒకరోజు పొద్దున ఇద్దరం స్కూటరేసుకుని బండి వెనకాలే తిరిగాం. బండిలో అడ్డుపలక ఉంది. తడి చెత్త ఒక వైపు, పొడి చెత్త ఒక వైపు. మొదటి రెండు వీధులు బాగానే సాగింది. మూడో వీధిలో ఒకాయన గోరింట కంచె కత్తిరించిన కొమ్మలు తెచ్చి తడి వైపు కుక్కారు. పక్కింటామె రెండు కొబ్బరి మట్టలు వేశారు. అంతే, తడి వైపు నిండిపోయింది. తూకం చూస్తే ఏమీ లేదు, అంతా చోటు మింగేసే సరుకే. ఇక నాలుగో వీధి నుంచి అన్నం, కూరలూ ఎక్కడ పోయాలి? పొడి వైపు పోశారు.

మేం తిట్టిన బండి అబ్బాయి తప్పు అందులో ఏముంది?

తర్వాత శానిటేషన్ మేస్త్రీతో మాట్లాడుకుని రోజువారీ బండిలో కొమ్మ, మట్ట వేయకూడదని కాలనీలో కట్టుబాటు పెట్టుకున్నాం. పెరటి చెత్తకు వారానికి ఒక రోజు, విడిగా ట్రాక్టరు. ఈ ఒక్క మార్పుతో అడ్డుపలకకు అర్థం వచ్చింది. మీ వీధిలో కూడా కలిపేస్తుంటే, ఫిర్యాదు చేసే ముందు ఒక్క పూట బండి వెంట నడిచి చూడండి. కారణం ఒక్కో చోట ఒక్కోలా ఉండొచ్చు. కొన్ని చోట్ల నిజంగా నిర్లక్ష్యమే ఉండొచ్చు, కాదనం.

పెరటి చెత్త వేరుగా పెట్టాలని చట్టంలో ఉందా, మీరు పెట్టిందా?

చట్టంలోనే ఉంది. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం తోట చెత్తను సొంత ఆవరణలో విడిగా ఉంచుకుని, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో ఇవ్వాలి. రోడ్డు మీద, కాలవలో వేయడం, కాల్చడం, పూడ్చడం కుదరదు.

కొమ్మలు మూరెడు, రెండు మూరల పొడవున నరికి తాడుతో మోపు కట్టండి. తాడు కొబ్బరిదో జనపదో అయితే విప్పే పని కూడా ఉండదు. కొబ్బరి మట్టల ఈనెలు తీసి చీపుర్లు కట్టే వాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగి చూడండి, సంతోషంగా తీసుకుపోతారు. సైడు కాలవలోకి మాత్రం తోయకండి. మనకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాల్లో వాన ఎక్కువ. అక్టోబరులో కల్వర్టుకి అడ్డం పడ్డ ఒక్క మట్ట చాలు, నవంబరులో వీధంతా మోకాటి లోతు నీళ్ళు. నెల్లూరు వాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

ఎండుటాకులు అక్కడికక్కడే తగలబెడితే పోదా? ఎప్పట్నుంచో చేస్తున్నదేగా?

బయట చెత్త కాలిస్తే మామూలుగా 5,000 రూపాయలు, భారీ ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది. పొగకి ఉబ్బసం వాళ్ళు పడే అవస్థ సరేసరి. భోగి మంట ఏడాదికొక్కసారి. మా వీధిలో రోజూ భోగే.

అయితే జరిమానా కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. కంపు కొడుతోందని వంటింటి చెత్తను బయట పారేస్తున్నాం. ఆ కంపుకి మందు ఎండుటాకు. ఆ మందునేమో గేటు ముందు పోగేసి అగ్గిపుల్ల గీస్తున్నాం. రెంటినీ కలిపితే ఎరువు. విడదీస్తే ఒకటి కంపు, ఒకటి పొగ. ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఫర్వాలేదు, రేపు ఊడ్చిన ఆకుల్ని ఒక గోతాంలో నింపి నీడన పెట్టండి.

సరే, ఇంట్లోనే ఎరువు చేయాలంటే ఏమేం కావాలి?

మూత ఉన్న రెండు పాత డ్రమ్ములు, లేదా పెద్ద మట్టికుండలు. చుట్టూ వేలు పట్టేంత బెజ్జాలు. ఒక గోతాం ఎండుటాకులు. కాస్త పుల్ల మజ్జిగో, పేడ నీళ్ళో. అంతే. ఏ పొడీ కొనక్కర్లేదు, అమ్మేవాళ్ళు ఏం చెప్పినా సరే.

అడుగున జానెడు మందాన ఆకులు, చిన్న పుల్లలు వేయండి. దాని మీద ఆ రోజు తొక్కలు. వాటి మీద మళ్ళీ ఆకులు, కింద తొక్క కనపడకుండా. కొలత దోసిళ్ళలో చెప్పాలంటే ఒక దోసెడు తొక్కలకి రెండు మూడు దోసిళ్ళ ఆకులు. పుస్తకాల్లో కర్బనం 25 నుంచి 30 పాళ్ళు, నత్రజని ఒక పాలు అని రాసి ఉంటుంది. ఆ లెక్కకి దోసిళ్ళే చాలు. రెండు మూడు రోజులకోసారి పుల్ల మజ్జిగ చిలకరించండి. వారానికోసారి కర్రతో కిందా మీదా కలపండి. ఒక డ్రమ్ము నిండితే మూసి పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి.

తేమ సరిపోయిందో లేదో గుప్పిట్లో తెలుస్తుంది. పిడికెడు తీసి పిండితే అరచేయి తడవాలి, నీళ్ళు కారకూడదు. మధ్యలో చేయి పెడితే వెచ్చగా ఉంటుంది, భయపడకండి, సరిగ్గా జరుగుతోందని గుర్తు. పెద్ద కుప్పల్లో అయితే 55, 60 డిగ్రీలు దాకా పోతుంది. కలుపు విత్తనాలు, రోగక్రిములు చచ్చేది ఆ వేడికే. ఇంటి డ్రమ్ములో అంత వేడి రాదు. అందుకే టమాటా గింజలు ఎరువులోంచి మొలుచుకొస్తాయి. మొలవనివ్వండి, మా ఇంట్లో ఒక ఏడాది టమాటాలన్నీ అలా వచ్చినవే.

ఆకుల్లో తేడాలున్నాయి. వేప, కానుగ త్వరగా చివుకుతాయి. మామిడి, బాదం ఆకులు తోలులా ఉంటాయి కాబట్టి నలిపి వేయాలి. సముద్రపు వైపు ఊళ్ళల్లో సరుగుడు తోపుల కింద దొరికే సూదుల్లాంటి ఆకు చాలా నిదానం. దాన్ని అడుగున పరుపుగా వాడుకోండి.

రెండు మూడు నెలలకి నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. వేసినప్పటి బరువులో నాలుగో వంతో ఐదో వంతో మిగులుతుంది. మొదటిసారి చూసి "ఇంతేనా" అంటారు. ఇంతే.

కంపు కొడుతోంది, ఏం చేయాలి?

కుళ్ళిన గుడ్డు కంపు అయితే నీళ్ళెక్కువై గాలాడటం లేదని అర్థం. ఆకులు దట్టించి కలపండి. ముక్కు మండే ఘాటు అయితే తొక్కలెక్కువ, ఆకులు తక్కువ. రెంటికీ మందు ఒకటే అని మీరే గమనించి ఉంటారు.

తెల్లగా లావుగా పురుగులు పడ్డాయి. మా అత్తగారు డ్రమ్ము బయట పారేయమంటున్నారు!

అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. మామూలు ఈగలా ఇంట్లోకొచ్చి అన్నం మీద వాలే రకం కాదు. పెద్దదయ్యాక ఆ ఈగ ఆహారం కోసం మన వంటింటి మీద పడదు. తొక్కల్ని మనకంటే వేగంగా తినిపెట్టేది ఈ పురుగే. చూడలేకపోతే మీద ఆకులు కప్పండి. ఎవరింట్లోనైనా కోళ్ళుంటే ఒక దోసెడు ఇచ్చి చూడండి, తర్వాత అత్తగారే అడుగుతారు.

చేపల పొలుసులు, రొయ్యల తలకాయలు ఏం చేయాలి?

నెల్లూరులో ఈ ప్రశ్న లేకుండా చెత్త గురించి మాట్లాడితే అది నెల్లూరు కాదు. ఆదివారం పులుసు పొయ్యి మీదుంటే ప్రతి ఇంటి గేటు దగ్గరా పిల్లులు సభ పెడతాయి. డ్రమ్ములో వేశారో, పిల్లులూ కుక్కలూ దాన్ని దొర్లించి వీధంతా పరుస్తాయి.

మూడు దారులున్నాయి. మొదటిది, కొన్నచోటే శుభ్రం చేయించుకుని అక్కడే వదిలేయడం. మార్కెట్లో ఒకేచోట పోగయ్యే వ్యర్థాన్ని తీయడం తేలిక, వెయ్యి ఇళ్ళకి చెదిరితే ఎవరివల్లా కాదు. రెండోది, ఇంటికి తెస్తే కాగితంలో చుట్టి ఫ్రీజరులో పెట్టి, మర్నాడు బండి వచ్చినప్పుడే తీసి ఇవ్వడం. ఫ్రీజరులో చెత్తా అని మొహం చిట్లించకండి, పొద్దున అది చేపే.

మూడోది మిద్దెతోట వాళ్ళకి. మీనామృతం. చేప వ్యర్థం ఎంతో అంతే బరువు బెల్లం, రెండూ ప్లాస్టిక్ డబ్బాలో కలిపి మూత పెట్టి నీడన ఉంచాలి. మూడు వారాలకి తేనెలా ద్రవం ఊరుతుంది. వడకట్టి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లకు మించకుండా కలిపి మొక్కల మీద చల్లండి. మధ్యమధ్యలో మూత కాస్త వదులు చేయాలి, గాలి నిండుతుంది. ఆ పని మర్చిపోయిన వాళ్ళింటి గోడ మీద మరక ఇంకా ఉంది.

మిగిలిన అన్నం, పప్పు గేదెలకి పెట్టొచ్చా?

మన అమ్మమ్మలకి తడి చెత్త అనే మాటే తెలీదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తొక్కలు కుడితి తొట్లోకి పోయేవి. తొట్టి గేదె ముందు ఉండేది. పేడ దిబ్బలోకి, దిబ్బ ఎరువు పొలంలోకి. ఇవాళ కూడా దగ్గర్లో పాడి ఉన్నవాళ్ళుంటే తొక్కలు, గంజి ఇవ్వడం అన్నిటికంటే మంచి పద్ధతి.

ఒకటి మాత్రం జాగ్రత్త. పెళ్లిలో మిగిలిందని గంపెడన్నం ఒక్కసారే పెడితే పశువు కడుపులో పులిసి ఉబ్బరం వస్తుంది, ప్రాణం మీదకూ రావచ్చు. పిడికెడు, రెండు పిడికెళ్ళు చాలు. కవరుతో సహా రోడ్డు మీద పడేస్తే ఆవు కవరు కూడా మింగుతుంది. దాన్ని దానం అనలేం.

ఇంట్లో పెళ్లి ఉంది. మునిసిపాలిటీకి చెప్పాలా?

లైసెన్సు లేని చోట వందమందికి మించి పిలుస్తుంటే కనీసం మూడు పనిదినాల ముందు చెప్పాలని ఆ ఘన వ్యర్థాల నియమాల్లోనే ఉంది. పిలుపులు మొదలయ్యేది వెయ్యి మందితో కాబట్టి ఇంటి దగ్గర చేసే దాదాపు ప్రతి పెళ్లీ ఇందులోకి వస్తుంది. చెబితే లాభం మీదే, బండి వస్తుంది. క్యాటరింగ్ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి: ఎత్తే ఆకుల్లోంచి నీళ్ళ సీసాలు, ఐస్‌క్రీమ్ కప్పులు వేరే గంపలో పడాలి. భోజనాలు అయ్యాక ఏరడం ఎవరివల్లా కాదు. ముట్టని వంటకం ఉంటే రాత్రి పది దాకా ఆగకండి. వేడిగా ఉండగానే అనాథాశ్రమానికో వృద్ధాశ్రమానికో కబురు పెట్టండి.

రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే హోటళ్ళు, హాస్టళ్ళు భారీ ఉత్పత్తిదారుల కింద లెక్క. తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలి. వీధి బండిలో పోయడం వాళ్ళ హక్కేం కాదు.

వానల్లో?

డ్రమ్ము చూరు కిందకి జరపండి. పొడి ఆకులు సెప్టెంబరులోనే రెండు మూడు గోతాలు దాచండి, తడిసిన ఆకు ఆ పనికి రాదు. తుపాను తర్వాత పడ్డ కొమ్మలు మాత్రం ఎవరి గేటు ముందు వాళ్ళు కాకుండా వీధికొక చోట పోగేస్తే ట్రాక్టరు ఒక్క విడతలో ఎత్తుతుంది.

రోహిణి కార్తెలో?

ఉల్టా. ఎండి గడ్డిలా అయిపోతుంది. రోజూ చెంబెడు నీళ్ళు, పైన తడి గోతాం.

మా చెత్త చివరికి పోయేది దొంతాలి డంపింగు యార్డుకే కదా, అక్కడ ఏమవుతుంది?

యార్డులో కుప్పపడ్డ తడి చెత్తకి లోపల గాలి తగలదు. గాలి లేకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకి దాదాపు 28 రెట్లు. వేసవిలో డంపింగు యార్డులు నెలల తరబడి రాజుకోవడానికీ అదే కారణం. కారే నల్లనీరు భూమిలోకి ఇంకుతుంది. బోరు నీళ్ళు తాగే పక్క ఊరివాళ్ళు ఆ లెక్క చెబుతారు, మనం చెప్పలేం.

మా ఊరు పంచాయతీ. అక్కడ ఏం అడగాలి?

చాలా పంచాయతీల్లో చెత్త నుంచి సంపద కేంద్రాలని షెడ్లు కట్టారు, వానపాముల తొట్లతో సహా. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని తాళం వేసున్నాయి. తాళం ఉంటే గ్రామసభలో అడగాల్సినవి రెండే: ఇంటింటా చెత్త తీసుకునే హరిత రాయబారులకి జీతం అందుతోందా, షెడ్డుకి పేడ ఎక్కడి నుంచి వస్తోంది? పేడ లేకుండా వానపాముల తొట్లు నడవడం కష్టం. ఒంగోలు జాతి పశువులు పుట్టిన గడ్డ మీద పేడకి కరువేమిటని అనిపించొచ్చు, కానీ ట్రాక్టర్లు వచ్చాక ఎన్ని ఇళ్ళల్లో కొట్టాలు మిగిలాయో లెక్కేసుకోండి.

చెత్త పన్ను తీసేశారు. ఇక సర్వీసు బాగాలేదని అడిగే హక్కు మనకుందా?

ఉంది. ఆ పన్ను రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ప్రకటించారు. అంతమాత్రాన ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకోవాల్సిన బాధ్యత మునిసిపాలిటీకి పోలేదు, అది నియమాల్లో ఉన్న బాధ్యత. ఇంటిపన్ను కడుతూనే ఉన్నాం. మన బాధ్యత కూడా పోలేదు, వేరు చేసి ఇవ్వడం.

ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని కలవండి. తేలకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ.  నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమానికి అధికారులు వీధుల్లోకే వస్తారు. ఫొటోలు అయ్యాక ఆగమని అడిగి కల్వర్టు చూపించండి. అర్జీలో "మా ఏరియా చెత్తగా ఉంది" అని రాస్తే దాన్ని ఎటూ తోయలేరు. ఏ వీధి, ఏ రోజుల్లో బండి రాలేదు, ఎన్నింటికి రావాలి, ఫొటో. ఇంతవరకు రాయండి.

ఎరువు ఎక్కువైతే అమ్ముకోవచ్చా?

పెద్ద ఎత్తున నగర కంపోస్టు అమ్మేవాళ్ళకి ప్రమాణాలున్నాయి, టన్నుకి 1,500 రూపాయల చొప్పున మార్కెటింగు సాయం కేంద్రం 2016లో ప్రకటించింది. మీ డ్రమ్ములో వచ్చే నాలుగు కిలోలకి అవేవీ వర్తించవు, ఇరుగుపొరుగుకి ఇవ్వండి. యూరియాకి బదులనుకుని వాడితే నిరాశపడతారు. ఇందులో పోషకాలు కొద్దిగానే ఉంటాయి, నేలను గుల్ల చేయడం, తడి పట్టి ఉంచడం దీని పని. పెరట్లో నిమ్మచెట్టు ఉంటే మొదలుకి రెండడుగుల దూరంలో చుట్టూ వేయండి.

మాది అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. చెట్టే లేదు, ఆకులెక్కడివి?

పార్కు గేటు పక్కన, నీళ్ళ ట్యాంకు కింద, ఆకుల గోతాలు వరసగా పెట్టి ఉంటాయి. వీధులు ఊడ్చే ఆమే నింపి పెడుతుంది. ఇదివరకు అవే ఆకులు ఆమె చేతే కాల్పించేవాళ్ళం. ఒక గోతాం ఇద్దరు మనుషుల ఇంటికి నెల పైన వస్తుంది. డబ్బులేమీ లేవు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఖాళీ గోతాం మాత్రం తెచ్చి అక్కడే పెట్టండి, పోయిన నెల పదకొండు పోయాయి.